కలివికోడికి దారిచ్చారు, కాపరికి?

1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల కింది పల్లెలో ఒకాయన రాత్రి వేటకు పోయి, లైటు వెలుతురుకు బిత్తరపోయి నిలబడిన పిట్టనొకదాన్ని పట్టుకొచ్చాడు. కౌజంత ఒళ్లు, పొడుగాటి కాళ్లు, ఎద మీద రెండు గోధుమరంగు పట్టీలు. ఆ చుట్టుపక్కల పిట్టలు పట్టేవాళ్లకు అది కలివికోడి. బొమ్మ చేతబట్టుకుని ఊరూరా తిరుగుతున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్‌కు మాత్రం అది జెర్డాన్స్ కోర్సర్. 1900లో అనంతపురం దగ్గర ఓ తెల్లదొర చూసిన తర్వాత ఏ శాస్త్రజ్ఞుడి కంటా పడని పక్షి. సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకని పక్షి. అంతరించిందనే అందరూ రాసుకున్నారు.

ఆ 86 ఏళ్లూ కలివికోడి కలివి పొదల్లోనే ఉంది. దాన్ని ఎరిగినవాళ్లూ అక్కడే ఉన్నారు. వాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదంతే. బొమ్మ చూపించి అడిగితే ఏడాది తిరిగేలోగా జవాబు దొరికింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకాలు కలివికోడి ఉండే చిట్టడవిలోకి చొరబడితే వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లి, చివరికి కాలువే దారి మార్చుకుంది. మద్రాసుకు తాగునీళ్లు మోసుకెళ్లే కాలువ, గుప్పెడంత పిట్ట కోసం పక్కకు తప్పుకుంది. మంచిదే. కానీ పిట్టను చూపించిన వేటగాడి సంగతి? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆయన నేరస్థుడు. పక్షికి పేరు పెట్టిన దొర పుస్తకాల్లో ఉన్నాడు, వెతికిన శాస్త్రవేత్త ఉన్నాడు, కాపాడిన కోర్టు ఉంది. ఎరిగినవాడికి మాత్రం అడవి మీద హక్కు అనదగింది ఏదీ రాలేదు.

ఈ కథలో ఇంకో మెలిక ఉంది. కలివికోడి ఎలాంటి చోట ఉంటుందో తేల్చడానికి శాస్త్రవేత్తలు నేల మీద మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక అడుగుల గుర్తులు వెతుక్కున్నారు. అడుగుజాడ పట్టి జీవాన్ని చెప్పడం యానాదికి, చెంచుకు పుట్టుకతో అబ్బే విద్య. తేలిందేమిటంటే, పొదలు మరీ దట్టంగా ఉన్నా ఈ పక్షికి పనికిరాదు, మరీ బోసిగా ఉన్నా పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య మట్టి కనపడాలి. ఆ మధ్యస్థపు అడవి దానంతటదే అలా ఉండిపోలేదు. మేకలు మేసి, పల్లెవాళ్లు వంటచెరుకు కొట్టుకుని, ఆ మేరకు పొదలు పెరగనివ్వక నిలబెట్టిన అడవి అది. కాపరిని పూర్తిగా బయటకు తోలేస్తే పక్షికీ ఇల్లు మిగలదు.

సింహాద్రిపురం నడిమధ్యన

కడప జిల్లా మ్యాపు ముందేసుకుని సింహాద్రిపురం మీద వేలు పెట్టండి. కిందికి వచ్చి పులివెందుల దాటితే వేముల మండలం, తుమ్మలపల్లె యురేనియం గని. పైకి పోతే చిత్రావతి పెన్నలో కలిసే వైపు గండికోట జలాశయం వెనక నీళ్లు. ఇంకా పైకి, జమ్మలమడుగు దాటితే మైలవరం మండలంలో సోలార్ పలకల మైదానం. వాతావరణం వేడెక్కకుండా కాపాడతాయంటున్న కరెంటు రకాలన్నీ, అణువిద్యుత్తుకు ముడిసరుకు, ఎండ కరెంటు, నీళ్లను ఎత్తిపోసి మళ్లీ వదిలే పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన, ఈ ఒక్క మూలకే చేరుకున్నాయి. దేశం 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం కావాలనుకుంటోంది. దాని బరువు ఏ నేల మీద పడుతుందో ఇక్కడికొస్తే కనపడుతుంది.

ఈ నేలను రికార్డుల్లో ఎలా రాసుకున్నారో చూడాలి. కేంద్ర భూవనరుల శాఖ ప్రచురించే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాసులో పొదలున్న నేల కూడా ఒక రకం పనికిరాని భూమే. కలివికోడి ఇల్లు ఆ లెక్కన వృథా భూమి. గుట్టవాలు, వంక ఒడ్డు, రాతి గరువు, ఊరి మేతబీడు, అన్నీ అందులోనే. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలో పొద కనపడుతుంది. ఆ పొద ఏ నెలలో ఎవరి జీవాలను బతికిస్తుందో కనపడదు.

అది కాపరిని అడగాలి. సింహాద్రిపురం, లింగాల, కొండాపురం వైపు గొర్రెల మందలు ఏడాది పొడుగునా ఒక లెక్క ప్రకారం తిరుగుతాయి. ముంగారు వానలకు చేలలో పైరు ఉన్నన్నాళ్లూ మంద గుట్టకు పోతుంది. బుడ్డలు పీకి, జొన్న కోసి, చేలు ఖాళీ అయ్యాక కిందికి దిగుతుంది. అప్పుడు రైతే కబురంపుతాడు. రాత్రికి మంద తన చేలో పండాలి. చేలో ఒక పక్కన వల కట్టి, లోపల గొర్రెల్ని, బయట కుక్కల్ని ఉంచి కాపరి నడుమ కంబళి పరుచుకుంటాడు. మర్నాడు వల పదిగజాలు జరుపుతాడు. అలా రాత్రికింతగా చేనంతా తిరిగేసరికి ఎరువు పరిచినట్టే. ఇందుకు రైతు గింజలో, డబ్బో ఇస్తాడు. గొర్రెల ఎరువు వేసిన చేను తొలి వాన పదునును ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుందని మా వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. రెండు వానల మధ్య నెల్లాళ్ల ఎండ పడే చోట ఆ నాలుగు రోజుల పదునే పంటకూ పశుగ్రాసానికీ మధ్య తేడా.

కరువు వస్తే మంద ఎటు పోవాలో కూడా కాపరి దగ్గర లెక్క ఉంటుంది. ఏ వంకలో ఊట చివరిదాకా ఉంటుంది, ఏ గుట్ట మీద తుమ్మకాయ ముందు రాలుతుంది, నంద్యాల వైపు కాలువ కింద మాగాణి ఎప్పుడు ఖాళీ అవుతుంది, దారిలో ఏ ఊళ్లో నీళ్లు పెట్టనిస్తారు. ఇప్పుడు పెద్ద పెద్ద సదస్సుల్లో వాతావరణ మార్పును తట్టుకునే వ్యూహాలని పేరు పెడుతున్నవాటిలో చాలా భాగం ఇదే. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, అదీ ఒక ఏడు కురిసి ఒక ఏడు ఎగ్గొట్టే జిల్లాలో, ఇది తెలియనివాడు మందను నిలబెట్టలేడు.

ఈ మధ్యనే బోరు మీద చీనీ, అరటి తోటలు పెరిగి, చేను ఏడాది పొడుగునా కంచెలోనే ఉంటోంది. కాపరికి ఆ దారి సగం మూసుకుపోయింది. మిగిలింది గుట్ట, బీడు. ఆ బీడే సోలార్‌కు కావాలి.

గ్రామసభ ఉన్నచోట, లేనిచోట

మైలవరం మండలం తలమంచిపట్నం, పొన్నంపల్లి, రామచంద్రాయపల్లి వైపు వెయ్యి మెగావాట్ల కడప అల్ట్రా మెగా సోలార్ పార్కు తలపెట్టారు. మెగావాట్‌కు ఐదెకరాలు వేసుకున్నా ఐదువేల ఎకరాలు. 2017 ఏప్రిల్‌లో ఇక్కడి 250 మెగావాట్లకు ఓ ఫ్రెంచి కంపెనీ యూనిట్ రూ.3.15కే ఇస్తానంటే దేశమంతా అబ్బురపడింది. ఎండ చవక, పలకలు చవక అని అందరూ రాశారు. నేల చవకని, ఆ నేలలో తిరిగేవాడి మాట ఇంకా చవకని ఎవరూ రాయలేదు.

ఇక్కడో చట్టపు సంగతి చెప్పుకోవాలి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలో సోలార్ ప్రాజెక్టులు లేవు. పొగ రాదు, వ్యర్థం రాదు కాబట్టి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అనుమతి అక్కర్లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. సిమెంటు ఫ్యాక్టరీ పెడితే ఊళ్లో షామియానా వేసి, కలెక్టరో జేసీనో కూర్చుని, మైకులో మాట్లాడనివ్వాలి. ఐదువేల ఎకరాల సోలార్‌కు ఆ షామియానా కూడా లేదు. పట్టా ఉన్న రైతుకు, ప్రభుత్వం పంచిన డీకేటీ పట్టా ఉన్న రైతుకు పరిహారం లెక్క ఏదో ఒకటి ఉంటుంది. బీడులో మేపుకునేవాడికి కాగితమే ఉండదు కనుక అతను లెక్కలోకే రాడు.

షామియానా ఉన్నచోట మాత్రం ఏం ఒరిగింది? తుమ్మలపల్లెలో 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన, 2012లో శుద్ధి కర్మాగారం మొదలు. 2011లో అణుశక్తి శాఖ ఇక్కడి నిక్షేపం లక్షన్నర టన్నుల దాకా ఉండొచ్చని చెప్పినప్పుడు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటని పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. కొన్నేళ్లకు శుద్ధి వ్యర్థాలు నింపే టెయిలింగ్ పాండ్ దగ్గరి కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు బోరునీళ్లు మారాయని, అరటి చెట్టు ఎదగడం లేదని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని చెప్పుకోవడం మొదలుపెట్టారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషన్‌కు నోటీసిచ్చింది, నిపుణుల కమిటీ వేసింది. నీళ్లు చెడడానికి తమ వ్యర్థాలు కారణం కాదన్నది సంస్థ వాదన. ఆ వాదోపవాదాల్లో ఎవరి పరీక్ష ఫలితం ఎంతన్నది పక్కన పెడితే, తన బోరునీటి రుచి ఏ ఏడాది మారిందో రోజూ తాగే మనిషికి తెలుసు. ఆ తెలివిడిని సాక్ష్యంగా రాసుకునే ఏర్పాటు ఏ రిపోర్టులోనూ లేదు.

అదే 2019లో, అదే యురేనియం కోసం, నల్లమలలో కథ ఇంకోలా నడిచింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ మే నెలలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. వేల సంఖ్యలో బోరు రంధ్రాలు వేయాలన్నది ప్రణాళిక. చెంచుల ఊళ్లయిన పెంటల్లో కదలిక మొదలైంది, అక్కడినుంచి హైదరాబాద్‌కు పాకింది, సినిమావాళ్లూ గొంతు కలిపారు. సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దంటూ తీర్మానించింది.

సినిమావాళ్ల ట్వీట్లతోనే ఇది ఆగిందనుకుంటే పొరపాటు. అమ్రాబాద్ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. అక్కడ గిరిజన గ్రామసభలకు అధికారమిచ్చే పెసా చట్టం ఉంది, గ్రామసభ అన్న మాటకు చట్టంలో చోటుంది, ఉద్యమానికి పట్టుకుని నిలబడే కొమ్మ ఉంది. ఆ కొమ్మను నాటింది మన తెలుగు నేలే. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వరాదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని తేల్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో డోంగ్రియా కోందుల 12 గ్రామసభలూ బాక్సైట్ వద్దన్నాక వేదాంత కంపెనీ ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎర్రవరం, పెదకోట పంప్డ్ స్టోరేజీలను అడ్డుకోవాలనుకుంటున్న గిరిజనులు నిలబడుతున్నదీ ఈ గ్రామసభ మీదే.

కృష్ణకు ఇవతలి నల్లమల షెడ్యూలులో లేదు. అవే కొండలు, అదే చెంచులు, నది ఒక్కటే అడ్డు. కడప జిల్లాలో షెడ్యూలు ప్రాంతం అంటూ ఒక్క ఊరూ లేదు. 2011 జనాభా లెక్కల్లో జిల్లా జనంలో ఎస్టీలు రెండున్నర శాతం పైచిలుకే. యానాదులు, ఎరుకలు, సుగాలీలు ఊరికో నాలుగిళ్లుగా చెదిరి ఉన్నారు. ఎరుకలను ఒకప్పుడు తెల్లవాళ్లు నేరస్థ తెగ అని రాసుకున్నారు. శ్రీహరికోట యానాదుల దీవి 1971 నాటికి రాకెట్ కేంద్రమైంది. కాపరులు, మెట్ట రైతులు ఎస్టీలు కూడా కారు. వీళ్లందరికీ అడవి, బీడు, వంక తెలుసు. పట్టుకునే కొమ్మ ఎవరికీ లేదు.

చెంచును చూస్తే ఈ వ్యవహారం ఎంత విడ్డూరమో అర్థమవుతుంది. అహోబిలంలో నరసింహస్వామి చెంచుల అల్లుడు. కనుమ నాడు మొదలయ్యే పార్వేటలో స్వామి ఊళ్లు తిరిగి తన పెళ్లికి రమ్మని పిలుస్తాడు. చెంచు కొండ చరియన తేనె తీయడానికి తాడు మీద దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. చెల్లెలి పసుపు కుంకుమలు ఆ చేతుల్లో ఉంటాయి గనుక ఆ తాడు వదలడని నమ్మకం. గడ్డ తవ్వుకున్నాక తీగ మొదలును మళ్లీ మట్టిలో పెట్టి వస్తారు. పులి అడుగు చూసి ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పగలరని అటవీశాఖ చెంచులకు బేస్ క్యాంపుల్లో పని ఇస్తుంది. అదే పులి పేరు చెప్పి, కోర్ ఏరియాలోని పెంటలను బయటకు తరలించాలని కూడా చూస్తారు.

రెయిండీర్ కాపరులకు కోర్టు చెప్పింది

పచ్చ కరెంటు కాపరి నేల మీద పడడం మన దగ్గరే అనుకోనక్కర్లేదు. నార్వేలో ఫోసెన్ అనే చోట 151 గాలిమరలు పెట్టారు. ఆ కొండలు సామీ తెగవాళ్ల రెయిండీర్లకు చలికాలపు మేత. 2021 అక్టోబర్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు, ఇది సామీల సంస్కృతి హక్కుకు భంగమని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. తీర్పొచ్చాక కూడా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులు దాటాక సామీ యువత వెళ్లి మంత్రిత్వశాఖ కార్యాలయాల గుమ్మాల్లో కూర్చుంటే, వాతావరణ ఉద్యమకారిణి గ్రేటా థన్‌బర్గ్ వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది. గాలిమరలు వద్దని వాళ్లెవరూ అనలేదు, మా మేతలో పెట్టొద్దన్నారు. అక్కడి కాపరికి కోర్టు మెట్లెక్కే హక్కుంది. మన దగ్గరా, రాజస్థాన్‌లో ఓరణ్‌లనే దేవుడి మేతబీళ్ల కోసం కాపరులు పోరాడితే, 2024 డిసెంబరులో మన సుప్రీంకోర్టు వాటిని గుర్తించి అడవులుగా ప్రకటించాలని ఆ రాష్ట్రానికి చెప్పింది.

డబ్బు సంగతి వేరే ఉంది. 2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో ఆదివాసులు, స్థానిక సమూహాల అటవీ హక్కుల కోసం 170 కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు, దాతృత్వ సంస్థలు ప్రకటించాయి. తొలి ఏడాది లెక్క తేలేసరికి అందులో ఆదివాసీ సంఘాల చేతికి నేరుగా అందింది 7 శాతం. మిగతాదంతా మధ్యవర్తుల గుండా వెళ్లింది. ఆదివాసుల విజ్ఞానం గొప్పదని మైకు ముందు చెప్పడానికి పోటీ పడతారు, తీరా చెక్కు మీద పేరు రాసేటప్పుడు చేయి వణుకుతుంది.

మన దగ్గర చట్టం పూర్తిగా లేదనలేం. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూలు ప్రాంతాలకే పరిమితం కాదు, లంకమలకూ వర్తిస్తుంది, నల్లమల ఇవతలి ఒడ్డుకూ వర్తిస్తుంది. సామూహిక అటవీ హక్కు, మేత హక్కు, జీవవైవిధ్యం మీద సంప్రదాయ విజ్ఞానపు హక్కు, మూడూ అందులో ఉన్నాయి. మేత హక్కులో సంచార పశుపోషకుల పేరు కూడా రాశారు. పోడుపట్టా అడిగినంత గట్టిగా ఈ సామూహిక హక్కును మా జిల్లాలో ఎవరూ అడగడం లేదు, అడిగించేవాళ్లూ లేరు. రాజకీయ పార్టీలకు మంద ఓటు బ్యాంకు కాదు. అది ఈ ఊరి పోలింగు రోజున ఏ నంద్యాలలోనో ఉంటుంది.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఊరి చుట్టూ ఏ చెట్టు, ఏ పిట్ట, ఏ మందు, ఎవరికి తెలుసు, అన్నీ అందులో రాయాలి. హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టి తరిమాక దేశమంతా హడావుడిగా రిజిస్టర్లు రాశారు. ఒక ఊరి చెట్ల జాబితా పక్క ఊరికి అచ్చుగుద్దినట్టు దిగిందన్న విమర్శలూ వచ్చాయి. సరిగ్గా రాసినా పంచాయతీ బీరువాలోనే ఉంటుంది. సోలార్‌కు భూమి కేటాయించే తహసీల్దారు ఆ రిజిస్టర్ తెరిచి చూడాలన్న నిబంధన లేదు. ఆ ఒక్క నిబంధన పెట్టొచ్చు. దాంతోపాటు సోలార్‌కు ఇచ్చిన పర్యావరణ మినహాయింపును వెనక్కి తీసుకోకపోయినా, పెద్ద పార్కులకు గ్రామసభ ఆమోదాన్ని షరతుగా పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వానికి ఏ చట్టమూ అడ్డు రాదు. భూమి కేటాయించేది రాష్ట్రమే కదా!

గండికోట కింద తాళ్లప్రొద్దుటూరు మునిగింది 2020లోనే. ఆ జలాశయం మీదే వెయ్యి మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. పెద్ద పార్కులు, లైన్లు ఇంకా వస్తాయి. రావద్దని నేననను. బొగ్గు పొగకు అందరికంటే ముందు ఎండేది మా సీమే. సగటు భారతీయుడు ఏడాదికి విడిచే బొగ్గుపులుసు వాయువు రెండు టన్నుల చిల్లర, సగటు అమెరికనుది దానికి ఆరేడింతలు. సింహాద్రిపురం కాపరిది ఏ లెక్కకూ అందనంత తక్కువ. అతని బీడు మీద నిలబడి ప్రపంచానికి చల్లదనం తెస్తామన్నప్పుడు, కనీసం అతనికి తెలిసింది అడిగి పెట్టాలి.

అడిగితే ఏం చెబుతాడో కొంత ఊహించొచ్చు. వంక దారి వదిలేయండి, నీళ్ల కుంటకు గొర్రెలు పోయే బాట వదిలేయండి, పలకల కింద గడ్డి మేయనివ్వండి. చివరిది వినడానికి వింతగా ఉన్నా, అమెరికాలో సోలార్ కంపెనీలు ఆ పని చేస్తున్నాయి. పలకల నీడలో గడ్డి పెరిగి వెలుతురుకు అడ్డొస్తుంది. యంత్రాలతో కోయిస్తే ఖర్చు, రాళ్లు ఎగిరి పలక పగిలే ప్రమాదం. అందుకని కాపరులతో ఒప్పందం రాసుకుని, ఎకరాకు ఇంతని వాళ్లకే డబ్బిచ్చి మందను లోపలికి తోలిస్తారు. గొర్రె పలక ఎక్కదు, తీగ కొరకదు. మేక ఎక్కుతుంది కనుక మేకను రానివ్వరు, ఆ తేడా చెప్పడానికి వాళ్లకు కన్సల్టెంట్లున్నారు. మా దగ్గర ఆ సంగతి చెప్పగలిగినవాడు కంచె బయట గుట్ట మీద నిలబడి ఉన్నాడు. లోపల గడ్డి కోయడానికి, పలకలు కడగడానికి కాంట్రాక్టరు కూలీలను తెస్తాడు. ఏడాదికి ఆ గడ్డి కోతకు అయ్యే ఖర్చెంతో టెండరు కాగితాల్లో ఉంటుంది. దాన్ని బయటకు తీసి, గేటు దగ్గర మందకు ఇవ్వాల్సిన మొత్తంతో పోల్చి చూసే పని జిల్లా యంత్రాంగం ఒక్క పూటలో చేయగలదు.